మా జీడితోట పక్కన చెత్త ల్యాండ్‌ఫిల్‌కి రాళ్లు పాతారు, చట్టం ఏమంటోంది?

గెడ్డవార_రమణ · 2025 జూన్ 3

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం నుంచి వచ్చేటప్పుడు ఆనందపురం దాటాక లోపలికి ఉండే చిన్న ఊరు. నేను గాజువాకలో పని చేస్తున్నాను. అమ్మా నాన్నా ఊళ్లోనే ఉంటారు. రెండెకరాల జీడితోట, ఒక నుయ్యి ఉన్నాయి. చుట్టూ ఉన్న ఆరిళ్లకి ఆ నూతి నీళ్లే తాగడానికి.

మే నెలాఖరులో మా తోటకి ఎగువన ఉన్న ప్రభుత్వ భూమిలో కొలతలు వేసి రాళ్లు పాతారు. చెత్త వేసే ల్యాండ్‌ఫిల్ వస్తుందని చెప్పారట. మా నూతిలో కూడా టేపు వేసి చూసి, "నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి పెద్దాయనా, మీకేం ఇబ్బంది ఉండదు" అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాన్నకి ఒకటే టెన్షన్. రాత్రి లేచి నూతి గట్టు మీద కూర్చుంటున్నారని అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

గొడవ పెట్టుకోవాలని కాదు. చెత్త ఎక్కడో ఒకచోట వేయాలని నాకూ తెలుసు. చట్ట ప్రకారం ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ కూడదు, ఎవరి అనుమతి కావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లాయర్_సుధ · జూన్ 3

రమణ గారూ, ముందు మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. రాళ్లు పాతినంత మాత్రాన అనుమతి వచ్చేసినట్టు కాదు.

ఇప్పుడు నడుస్తున్నవి 2016 ఏప్రిల్ 8న కేంద్రం ఇచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు. ల్యాండ్‌ఫిల్ సంగతంతా వాటి మొదటి షెడ్యూలులో ఉంటుంది. నదికి 100 మీటర్లు, చెరువుకి 200 మీటర్లు దూరం ఉండాలి. హైవేలు, నివాసాలు, పార్కులు, మంచినీటి బావుల నుంచి కూడా 200 మీటర్లు. విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. 10కీ 20కీ మధ్యలో అయితే విమానయాన అధికారులో వైమానిక దళమో అభ్యంతరం లేదని రాసివ్వాలి. గత వందేళ్లలో వరద ముంచిన మైదానంలో, తీర నియంత్రణ పరిధిలో, చిత్తడి నేలల్లో అసలు పెట్టకూడదు.

ఇక అనుమతులు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అది రావాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి 2016 నియమాల కింద ఆథరైజేషన్ కావాలి. దానికి తోడు 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కట్టడానికి ఒకసారి, నడపడానికి ఒకసారి కన్సెంట్ తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి లేకుండా ఒక్క లోడు దించినా చట్ట విరుద్ధమే.

టేపు పట్టుకుని దూరాలు కొలిచి పెట్టండి. నాకు కావలసింది అవే.

మధురవాడ_లలిత · జూన్ 4

రమణ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇంకో వైపు నుంచి ఒక మాట. మేం 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను సెక్రటరీని. రెండు రోజులు చెత్త బండి రాకపోతే గేటు దగ్గర నిలబడలేం. మన నగరం చెత్త ఇన్నేళ్లుగా కాపులుప్పాడ డంపింగ్ యార్డు మోస్తోంది. అక్కడ ఇప్పుడు 15 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉన్నా, కాల్చాక మిగిలే బూడిదకీ ఎక్కడో చోటు కావాలి కదా. ప్రతి ఊరూ వద్దంటే నగరం ఏం చేయాలి? మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

లాయర్_సుధ · జూన్ 4

లలిత గారూ, దీనికి జవాబు నియమాల్లోనే ఉంది. ల్యాండ్‌ఫిల్‌లోకి తడి చెత్త వెళ్లకూడదు. మళ్లీ వాడగలిగే పొడి చెత్తా వెళ్లకూడదు. కిలోకి 1500 కిలోక్యాలరీలు, ఆపైన వేడినిచ్చే చెత్తని కూడా పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి. ఇవన్నీ తీశాక ఇక దేనికీ పనికిరానిదే గోతిలోకి వెళ్లాలి. అలా చేస్తే కావలసిన భూమే తగ్గిపోతుంది. రోజుకి 100 కిలోలకి మించి చెత్త వచ్చే మీలాంటి అపార్ట్‌మెంట్లు పెద్ద ఉత్పత్తిదారుల కిందికి వస్తాయి. వీలైనంత వరకు తడి చెత్తని ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని వాళ్లకి బాధ్యత పెట్టారు.

మధురవాడ_లలిత · జూన్ 4

మా తూకం ఎప్పుడూ చూడలేదు. రేపు వాచ్‌మన్‌తో కాటా వేయిస్తాను.

అప్పలరాజు_టిప్పర్ · జూన్ 6

రమణ తమ్ముడూ, నేను పదకొండేళ్లు చెత్త టిప్పర్ నడిపాను. ఎక్కడ, ఎవరి దగ్గర అని రాయను. కాగితం మీద రూల్ వేరు, యార్డులో పని వేరు. రోజూ చెత్తని పల్చగా పరిచి, బరువైన కంపాక్టర్‌తో తొక్కించి, సాయంత్రానికి పైన 10 సెంటీమీటర్ల మట్టి వేయాలని రూల్. పది సెంటీమీటర్లంటే ఎంతో అనిపించదు. ఆ రోజు చెత్త పరిచిన జాగా 600 చదరపు మీటర్లు ఉందనుకో, 60 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఆరు ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో పది ట్రిప్పులు. రోజూ పది ట్రిప్పుల మట్టి ఎక్కడి నుంచి తెస్తారు, డీజిల్ డబ్బు ఎవరిస్తారు? ఈ ప్రశ్న ముందే అడుగు. నేను పనిచేసిన చోట మట్టి వారానికోసారి పడేది. మిగతా రోజులు గెద్దలు, కుక్కలు, ఈగలు.

వేసవిలో దిబ్బ దానంతట అదే పొగలు చిమ్మేది. పైన నీళ్లు కొడితే పైపైన ఆరేది, లోపల రాజుకుంటూనే ఉండేది. చెప్పుల అడుగు మెత్తబడిపోయేది. రాత్రి ఇంటికెళ్తే నా చిన్నకూతురు దగ్గరికి వచ్చేది కాదు, వాసనకి.

వానలకి ముందు 40 నుంచి 65 సెంటీమీటర్ల మందాన మట్టి కప్పి, వాలు తీసి, వాననీరు పక్కకి పోయేలా చేయాలి. ఇది మాత్రం గట్టిగా పట్టుకో. చెత్త నుంచి కారే నల్లనీళ్లు పుట్టేది వానతోనే.

పాత_ఇంజనీరు · జూన్ 7

అప్పలరాజు గారు చెప్పింది అక్షరాలా నిజం. మంట లేచేది చెత్త కుళ్లితే పుట్టే మీథేన్ గ్యాస్ వల్ల. అందుకే గ్యాస్‌ని గొట్టాలతో బయటికి తీయాలని, గాలిలో కనీసం ఎంత మీథేన్ చేరితే పేలగలదో అందులో 25 శాతం దాటకూడదని షెడ్యూలులో రాశారు.

నేను ఇతర రాష్ట్రాల్లో రెండు ల్యాండ్‌ఫిల్స్‌కి అడుగు లైనర్, అంటే కిందికి నీరు దిగకుండా వేసే పొర, వేయించాను. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టిని పొరలు పొరలుగా దట్టించాలి. నీరు దానిలోంచి సెకనుకి సెంటీమీటరులో కోటో వంతు కంటే వేగంగా దిగకూడదు. అంటే ఏడాదికి సుమారు మూడు సెంటీమీటర్లు. దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ షీటు, హెచ్‌డీపీఈ అంటారు. షీటు మీద గుడ్డలాంటి పొర, ఆపైన కంకర, కంకరలో చిల్లులున్న పైపులు. చెత్త నుంచి కారే నల్లనీరు ఆ పైపుల్లోంచి సంపులోకి చేరాలి, అక్కడి నుంచి శుద్ధికి వెళ్లాలి.

షీటు నాసిరకమై పాడవడం తక్కువ. అతుకుల దగ్గర పాడవుతుంది. రెండు షీట్లని వేడి పనిముట్టుతో రెండు వరసలుగా అతికిస్తారు, మధ్యలో సన్నని సందు వదులుతారు. రెండు చివర్లూ మూసి ఆ సందులోకి గాలి కొట్టి గేజి చూడాలి. ముల్లు కిందికి జారితే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో షీటు సాగి ముడతలు పడింది. చల్లబడేదాకా ఆగమన్నాను. కుర్రాళ్లు తొందరపడి అతికించారు. మర్నాడు గేజి ముల్లు నిలవలేదు. నలభై మీటర్ల అతుకు కోసి మళ్లీ వేయించాను. అలాంటి పరీక్షల రికార్డు చూపించమని అడిగే హక్కు మీకుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఫీజు.

రమణ, మీ నుయ్యి గురించి ఒక ప్రశ్న. వాళ్లు నీటిమట్టం చూసింది మే నెలలోనా?

గెడ్డవార_రమణ · జూన్ 8

అవును సార్, మే 27. గట్టు ఎత్తు తీసేస్తే నేల మట్టం నుంచి 26 అడుగులని నాన్న చెప్పారు.

దూరాలు కొలిచాను. హద్దు రాయి నుంచి నుయ్యి 230 మీటర్లు. దగ్గరి ఇల్లు 260. అంటే 200 మీటర్ల నియమం మాకు పనికిరాదన్నమాట. వానలకి పారే మా వాగు, గెడ్డ అంటాం, అది మాత్రం 80 మీటర్లే.

లాయర్_సుధ · జూన్ 8

గెడ్డ విషయంలో వాదన ఉంటుంది. నియమంలో నది అని ఉంది, గెడ్డ అని లేదు. వానాకాలంలో తప్ప పారదు కాబట్టి నది కాదంటారు. రెవెన్యూ శాఖ పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో అది గెడ్డ పోరంబోకుగా ఉంటే నకలు తీయించండి. ఉత్తరాంధ్రలో గెడ్డలంటే ఏమిటో చెన్నైలో కూర్చునే హరిత ట్రిబ్యునల్ బెంచికి వివరించి చెప్పాలి. మన రాష్ట్రం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండలం కిందికి వస్తుంది, అది చెన్నైలో ఉంది. వెళ్లాల్సి వస్తే విషయం తలెత్తిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. పరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలు.

విమానాశ్రయం కూడా చూడండి. ఆనందపురం నుంచి భోగాపురం విమానాశ్రయం 20 కిలోమీటర్ల లోపే పడుతుంది. ఆ అభ్యంతరం లేదన్న పత్రం ఉందా అని రాతపూర్వకంగా అడగాలి. చెత్త మీదికి వచ్చే పక్షులు విమానాలకి తగులుతాయి. ఆ నియమం వెనక ఉన్న కారణం అదే.

పాత_ఇంజనీరు · జూన్ 8

దూరం సరిపోయిందని నిరుత్సాహపడకు రమణ. అదే షెడ్యూలులో ఇంకో వాక్యం ఉంది. బంకమట్టి పొర అడుగు నుంచి భూగర్భ జల మట్టం కనీసం రెండు మీటర్లు కింద ఉండాలి. ఏ మట్టం? అత్యధిక మట్టం. మే నెలలో చూసే మట్టం కాదు. మన విశాఖలో నుయ్యి నిండేది అక్టోబరు, నవంబరుల్లో, తుఫాను వానలకి.

ఈ రోజు నుంచి ప్రతి ఆదివారం కొలవండి. చేంతాడుకి అడుగు అడుగుకీ ముడి వేయండి, చివర చిన్న బరువు కట్టండి. గట్టు మీద ఒకేచోట పెయింటు గుర్తు పెట్టి అక్కడి నుంచే కొలవండి. ఉదయం, ఎవరూ నీళ్లు తోడకముందు. తేదీ వేసి పుస్తకంలో రాయండి.

బోరునీళ్లు · జూన్ 10

నేను ఈ సైట్‌లో ఎప్పుడూ రాయలేదు. రమణ తమ్ముడి పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. పెళ్లయిన కొత్తలో మేం ఒక పాత చెత్త దిబ్బకి దిగువన ఉండేవాళ్లం. మొదటి రెండేళ్లు బోరు నీళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత ఒక వానాకాలం నుంచి అన్నం పసుపు పచ్చగా ఉడకడం మొదలైంది. బియ్యం మార్చాను, గిన్నె మార్చాను. తెల్లచీర ఉతికితే మడతల దగ్గర తుప్పు రంగు గీతలు. అత్తగారు నా చేతి పనినే తప్పుపట్టారు. నీళ్లదే తప్పని తేలడానికి ఏడాది పట్టింది. అప్పటికి "ముందు నుంచీ మీ నీళ్లు ఇంతే" అన్నారు. ముందు బాగున్నాయని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు.

తమ్ముడూ, చెత్త రాకముందే మీ నూతి నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు బీరువాలో పెట్టు. అమ్మతో చెప్పు, ఆవిడ అర్థం చేసుకుంటుంది.

లాయర్_సుధ · జూన్ 10

అక్కా, మీరు రాసింది చాలా విలువైన మాట. ల్యాండ్‌ఫిల్ మొదలవకముందే చుట్టుపక్కల భూగర్భ జలాల పరిస్థితి నమోదు చేయాలని, తర్వాత ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత మళ్లీ పరీక్షించాలని నియమాల్లోనే ఉంది. పోల్చుకోవడానికి షెడ్యూలులో ఇచ్చిన హద్దులు కొన్ని: లీటరుకి కాఠిన్యం 300 మిల్లీగ్రాములు, క్లోరైడ్లు 250, కరిగిన లవణాలు 500, నైట్రేట్ 45. రమణ గారూ, నమూనా తీసేటప్పుడు పంచాయతీ కార్యదర్శి సంతకం ఉంటే మంచిది.

మధురవాడ_లలిత · జూన్ 29

తూకం వేయించాను. రోజుకి సగటున 190 కిలోలు, అందులో 110 తడి చెత్త. అపార్ట్‌మెంట్ వెనక నాలుగు కంపోస్టు తొట్లు కట్టిస్తున్నాం. ముగ్గురు వద్దన్నారు, వాసన వస్తుందని. కొబ్బరి పీచు వేసి తిప్పుతూ ఉంటే రాదని చూపిస్తానన్నాను.

గెడ్డవార_రమణ · నవంబరు 2

సార్, మొంథా తుఫాను వానలు తెరిపిచ్చాయి. ఈ ఉదయం నేనే ఊరెళ్లి కొలిచాను. చేంతాడు వేస్తుంటే ఆశ్చర్యపోయాను, ఇలా వదలగానే బరువు నీళ్లకి తగిలింది. గట్టు మీద గుర్తు నుంచి తొమ్మిదిన్నర అడుగులు. గట్టు ఎత్తు రెండున్నర. అంటే నేల నుంచి ఏడడుగులే. మేలో 26.

నాన్న ఏం మాట్లాడలేదు. చేద వేసి నీళ్లు తోడి నాకు తాగమని ఇచ్చారు.

పాత_ఇంజనీరు · నవంబరు 2

పుస్తకంలో రాసి ముగ్గురి చేత సంతకం పెట్టించు. ఇప్పుడు రెండు విషయాలు కావాలి. గొయ్యి ఎంత లోతు తవ్వుతారు? వాళ్ల నేల మీ నూతి దగ్గర నేల కంటే ఎంత ఎత్తు? నూతిలో ఏడడుగులు ఉంటే అక్కడా ఏడడుగులే అనుకోకూడదు. ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవెల్ పరికరం తెలిసిన సర్వేయర్ చేత మట్టాలు చూపించు. వాళ్ల స్థలంలోకి వెళ్లనక్కర్లేదు, హద్దు రాయి దాకా చాలు.

గెడ్డవార_రమణ · డిసెంబరు 7

ప్రజాభిప్రాయ సేకరణకి నోటీసు వచ్చింది, జనవరి 9న. పంచాయతీ ఆఫీసులో ప్రాజెక్టు నివేదిక తెలుగు సారాంశం చూశాను. బంకమట్టి అడుగు దాకా 3 మీటర్ల లోతు తవ్వుతారట. నీటిమట్టం దగ్గర "8 మీటర్లు" అని ఒకే ఒక్క అంకె ఉంది, నెల లేదు.

మా మేనమామ కొడుకు సర్వేయర్. వాడు వచ్చి చూశాడు. హద్దు రాయి దగ్గర నేల మా నూతి నేల కంటే నాలుగు అడుగులు ఎత్తు.

పాత_ఇంజనీరు · డిసెంబరు 7

ఏడు, నాలుగు కలిపితే పదకొండు అడుగులు. 3.35 మీటర్లు. బంకమట్టి అడుగు 3 మీటర్ల దగ్గర. మధ్యలో మిగిలింది 35 సెంటీమీటర్లు. ఉండాల్సింది 200. అదీ నీటిమట్టం రెండు చోట్లా సమానంగా ఉందనుకుంటే. సాధారణంగా నేల ఎత్తుగా ఉన్నచోట నీళ్లు కూడా కాస్త ఎత్తులోనే ఉంటాయి, కాబట్టి సందు ఇంకా తక్కువే కావచ్చు.

మీ నుయ్యి ఒక్కటే సాక్ష్యం అని వాదించకండి. "ఆ స్థలంలోనే మూడు నాలుగు పరిశీలన బోర్లు వేసి, ఒక పూర్తి వానాకాలం కొలిచి, ఆ తర్వాతే డిజైన్ చేయండి" అని అడగండి. ఏ నిజాయితీ గల ఇంజనీరూ దానికి కాదనలేడు. గొయ్యి తవ్వకుండా నేల మట్టం మీద గట్టులు కట్టి లైనర్ వేసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు ఖర్చు మారుతుంది, అది వాళ్లు లెక్క వేసుకోవాలి.

లాయర్_సుధ · డిసెంబరు 8

సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మీకు ఇచ్చారు. కలెక్టర్ గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో, ఎవరేం మాట్లాడారో తెలుగులో రాసిన సారాంశం అందరికీ చదివి వినిపించాలి. అది చదివేదాకా ఎవరూ లేచి రావద్దు. మీ మాట అందులో లేకపోతే అక్కడే చెప్పి చేర్పించండి.

నూతి పుస్తకం, సర్వే మట్టాలు, నీటి పరీక్ష రిపోర్టు, గెడ్డ ఎఫ్‌ఎంబీ నకలు, నాలుగూ జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

గెడ్డవార_రమణ · 2026 జనవరి 10

నిన్న జరిగింది. దాదాపు రెండు వందల మంది వచ్చారు. చాలామంది కోపంగా మాట్లాడారు. అది వాళ్ల హక్కు. నాన్న వంతు వచ్చినప్పుడు మైకు పట్టుకుని మామూలుగా జూన్ నుంచి ప్రతి ఆదివారం కొలత చదవడం మొదలెట్టారు. ఆగస్టుకి వచ్చేసరికి హాలు నిశ్శబ్దం అయిపోయింది. నవంబరు 2, ఏడడుగులు, అని చదివాక అధికారి పుస్తకం అడిగి తీసుకుని చూశారు. "8 మీటర్లు ఏ నెలది?" అని సలహాదారు సంస్థ వాళ్లని అడిగారు. మే, అన్నారు.

చివర్లో సారాంశం చదివినప్పుడు నూతి లెక్క అందులో లేదు. సుధ గారూ, మీరు చెప్పినట్టే లేచి అడిగాం. చేర్చి మళ్లీ చదివారు. పరిశీలన బోర్ల విన్నపం కూడా రాసుకున్నారు.

అప్పలరాజు_టిప్పర్ · జనవరి 10

పది ట్రిప్పుల మట్టి సంగతి అడిగావా తమ్ముడూ?

గెడ్డవార_రమణ · జనవరి 10

అడిగాను అన్నా. మట్టి ఎక్కడి నుంచి తెస్తారో రాతపూర్వకంగా చెప్తామన్నారు.

లాయర్_సుధ · ఫిబ్రవరి 4

అందరికీ ఒక ముఖ్యమైన మార్పు. 2016 నియమాల స్థానంలో కేంద్రం 2026 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇంట్లోనే చెత్తని నాలుగు రకాలుగా వేరు చేయాలి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. వేరు చేయకుండా ల్యాండ్‌ఫిల్‌కి పంపే స్థానిక సంస్థలకి ఎక్కువ ఫీజు పడుతుంది. వాడకానికీ ఇంధనానికీ పనికిరాని చెత్త మాత్రమే గోతిలోకి వెళ్లాలన్నది ఇంకా గట్టిపడింది.

రమణ గారూ, ఏప్రిల్ తర్వాత వాళ్లు తెచ్చే ప్రతి కాగితాన్నీ కొత్త షెడ్యూలుతో పోల్చి చూద్దాం. పర్యావరణ అనుమతికి భూగర్భ జలాల అధ్యయనం ఎటూ తప్పదు కాబట్టి మీ పుస్తకం విలువ తగ్గదు. కొలవడం ఆపకండి.

మధురవాడ_లలిత · ఫిబ్రవరి 5

మా నుంచి బయటికి వెళ్లే చెత్త ఇప్పుడు రోజుకి 75 కిలోలు. మొదటి ఎరువు సంచి రమణ గారి జీడితోటకి పంపుతాను, కాదనకండి.

గెడ్డవార_రమణ · ఫిబ్రవరి 9

పంపండి మేడమ్, నాన్న చాలా సంతోషిస్తారు. మొన్న వాళ్ల స్థలంలో బోరు బండి దిగింది. పరిశీలన బోర్లు మూడు వేస్తున్నారు.

నిన్నటి కొలత: నేల నుంచి 14 అడుగుల 2 అంగుళాలు.